ఓటుపెట్టె పక్కన తుపాకి

ఎన్నికల చరిత్ర రాసేవాళ్ళు సాధారణంగా గెలుపోటముల పట్టికతో మొదలుపెట్టి పట్టికతోనే ముగిస్తారు. ఏ పార్టీకి ఎన్ని స్థానాలు వచ్చాయి, ఎవరు మంత్రివర్గం ఏర్పాటు చేశారు అన్నదే చరిత్రగా చలామణి అవుతుంది. ఓటు వేసే నాటికి ఆ ఊళ్ళో ఎవరి తుపాకి ఎవరి గుమ్మం ముందు నిలబడి ఉందన్న విషయం పట్టికలో ఇమడదు. ఇమడదు కనుక చరిత్రకారుడు దాన్ని వదిలేస్తాడు. సాహిత్య విద్యార్థి వదిలేయడానికి వీలులేదు. ఎందుకంటే మనిషి భయాన్నీ, ఆశనూ, ఆ రెండింటి మధ్య అతడు తీసుకున్న నిర్ణయాన్నీ నమోదు చేయడమే సాహిత్యం పని.

కల్లోల ప్రాంతంలో ఎన్నిక జరపడానికి బయటి నుంచి సైన్యం వస్తుంది. అది శత్రుసైన్యంగా రాదు. మిత్రుడిగా, రక్షకుడిగా, శాంతిస్థాపకుడిగా వస్తుంది. అలాంటి కాపలాలో జరిగిన ఎన్నిక ఎవరిది? ఓటరుదా, కాపలాదారుదా? ఈ ప్రశ్నను ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్‌ల సందర్భంలో ప్రపంచమంతా చర్చించింది. కాని దీనికి సంబంధించిన చరిత్ర మన హైదరాబాదులోనే కావలసినంత ఉంది. ముఖ్యంగా నగరం తూర్పు కొసన, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ ప్రాంతాన్ని ఆనుకొని ఉన్న గుట్టలకూ, విజయవాడ రోడ్డుకూ ఆ చరిత్రతో దగ్గరి సంబంధం ఉంది.

దిల్‌సుఖ్‌నగర్‌కు దగ్గరలో ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఒక ఫ్రెంచి సేనాని సమాధి ఉంది. అతని పేరు రేమండ్. నిజాం అలీఖాన్ కొలువులో ఐరోపా పద్ధతిలో శిక్షణ పొందిన పటాలాలకు అధిపతి. జనం నోట అతని పేరు ముస్లిములకు మూసా రహీం, హిందువులకు మూసా రాం అయింది. మూసారాంబాగ్ అన్న పేటకు పేరు ఆయన వల్లనే వచ్చింది. 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. అదే సంవత్సరం సెప్టెంబరు 1న నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. అక్టోబరులో కంపెనీ సేన ఫ్రెంచి పటాలాలను చుట్టుముట్టి నిరాయుధం చేసింది. దాదాపు 14,000 మంది సిపాయిల ఆయుధాలు పెద్దగా రక్తపాతం లేకుండానే చేతులు మారాయి. మిత్రుడి సైన్యం అన్నమాటకు మన గడ్డ మీద ఆధునికార్థం ఆనాడే ఏర్పడింది.

ఆ మైత్రికి ఖరీదు ఎవరు కట్టారన్నది తెలుగు పాఠకుడు మరచిపోకూడని విషయం. సహాయక సైన్యం ఖర్చు కింద 1800లో నిజాం కడప, బళ్ళారి, అనంతపురం ప్రాంతాలను కంపెనీకి అప్పగించాడు. ఆ నేలకు దత్తమండలం అని పేరుపడింది. తమకు ‘దత్తం’ అన్న మాట అవమానకరమని గ్రహించిన సీమవాసులు 1928 నంద్యాల సభలో రాయలసీమ అన్న పేరు పెట్టుకున్నారు. తర్వాత 1853లో హైదరాబాదు కంటింజెంటు బాకీ పేరున బేరారు కూడా పోయింది. ఆ కాలంలో ఓటు లేదు. అయినా ఒక సూత్రం మాత్రం అప్పుడే స్థిరపడింది. మిత్రసైన్యం కాపాడేది తనను పిలిచినవాణ్ణి. దాని జీతం చెల్లించేది మాత్రం ఎవరూ సంప్రదించని ప్రజలు. ఈ సూత్రాన్ని దగ్గర ఉంచుకొని తర్వాతి చరిత్రను పరిశీలిద్దాం.

ఎల్బీ నగర్ మీదుగా తూర్పుకు వెళ్ళే రోడ్డు హయత్‌నగర్, సూర్యాపేట, కోదాడ దాటి విజయవాడ చేరుతుంది. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి ప్రవేశించినప్పుడు ప్రధాన దళం పడమట షోలాపూరు నుంచి మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వంలో బయలుదేరితే, మరో దళం విజయవాడ వైపు నుంచి ఈ రోడ్డు పట్టింది. వెనక్కి తగ్గుతూ నిజాం సైన్యం సూర్యాపేట దగ్గర మూసీ వంతెనను పేల్చివేసింది. 17న నిజాం లొంగిపోయాడు. రజాకార్ల దౌర్జన్యాలతో విసిగిన తెలంగాణ పల్లెలకు ఆ సైన్యం మిత్రుడిగానే కనిపించింది. స్వాగతాలు నిజం, ఊరట నిజం. కాని ఆ తర్వాత జరిగింది కూడా నిజమే. సైనిక చర్య వెనువెంట మరాఠ్వాడాలోనూ ఇతర జిల్లాల్లోనూ ముస్లిము ప్రజల మీద మారణకాండ సాగింది. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం మృతులు 27,000 నుంచి 40,000 దాకా ఉంటారని అంచనా కట్టింది. ఆ నివేదిక దశాబ్దాల తరబడి ప్రజల కంట పడలేదు.

తెలంగాణ జిల్లాల్లో సైన్యం దృష్టి రజాకార్ల మీద నుంచి సంఘాల మీదికి మళ్ళడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణత్యాగంతో రాజుకున్న రైతాంగ పోరాటం అప్పటికి దేశ్‌ముఖుల గడీలను ఖాళీ చేయించింది. వెట్టిని రద్దు చేసింది, భూములు పంచింది. సైనిక ప్రభుత్వం వచ్చాక పారిపోయిన దొరలు ఆ ప్రభుత్వం అండన ఊళ్ళకు తిరిగొచ్చారు. పంచిన భూములు మళ్ళీ లాక్కోవడం మొదలైంది. 1949 చివరిదాకా చౌధురి సైనిక గవర్నరు. 1950 జనవరి నుంచి ఎం.కె. వెల్లోడి ముఖ్యమంత్రి. ఈ ఇద్దరినీ ప్రజలు ఎన్నుకోలేదు. అడవి ప్రాంతాల్లో కోయ, చెంచు గూడేలను ఖాళీ చేయించి జనాన్ని రోడ్ల పక్క కేంద్రాల్లోకి తరలించారు. మలయాలో బ్రిటిష్ సైన్యం 1950 నుంచి అమలు జరిపిన బ్రిగ్స్ పథకానికి ఇది తోబుట్టువు. నాలుగు వేలమంది కమ్యూనిస్టులు, రైతు కార్యకర్తలు చంపబడ్డారని, పదివేలకు పైగా జైళ్ళలో, నిర్బంధ శిబిరాల్లో మగ్గారని పుచ్చలపల్లి సుందరయ్యగారు 1972లో వెలువడిన తన పోరాట చరిత్రలో లెక్కచెప్పారు.

ఇలాంటి నేల మీద స్వతంత్ర భారతదేశపు మొదటి సాధారణ ఎన్నికలు వచ్చిపడ్డాయి. దేశం మొత్తం మీద 1951 అక్టోబరు 25 నుంచి 1952 ఫిబ్రవరి 21 దాకా సాగిన ఆ ఎన్నికల్లో ఓటర్లు సుమారు 17 కోట్ల 30 లక్షలు. వారిలో అధికసంఖ్యాకులు నిరక్షరాస్యులు. హైదరాబాదు రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంది. నాయకులు జైళ్ళలోనో అజ్ఞాతంలోనో ఉన్నారు. ఊళ్ళలో పోలీసు క్యాంపులున్నాయి. నిజానికి ఇది ఎన్నిక జరగవలసిన వాతావరణం కాదు. మరి జరిగిన ఎన్నిక ఎందుకు నిలబడింది?

సైన్యం శాంతిభద్రతలను కాపాడింది కనుక నిలబడిందని పాలకవర్గ చరిత్ర చెబుతుంది. ఈ మాటలో సగం దాపరికం ఉంది. 1951 అక్టోబరు 21న కమ్యూనిస్టు పార్టీ సాయుధ పోరాట విరమణ ప్రకటించింది. పోలింగుకు ముందు శాంతి వచ్చింది అలా. దళాలు తుపాకులు దించాయి కనుక బూతుల దగ్గర తుపాకులు పేలవలసిన అవసరం రాలేదు. అంటే ఎన్నికల భద్రతలో ప్రధానభాగం రాజకీయ నిర్ణయం సమకూర్చింది. కాపలా బెటాలియన్లది ఆ తర్వాతి స్థానం. 1948 తర్వాత సాయుధ పోరాటాన్ని కొనసాగించడాన్ని వ్యతిరేకించిన రావి నారాయణరెడ్డి, ఆఖరుదాకా కొనసాగించిన దళ నాయకులు తమ భేదాలు ఎలా ఉన్నా ఎన్నికల్లో ఒకే పక్షాన నిలబడ్డారు. ఆ పక్షం పేరు ప్రజాస్వామిక సంఘటన, జనం నోట పి.డి.ఎఫ్. దానికి అధ్యక్షుడు సరోజినీ నాయుడు కుమారుడు డాక్టరు ఎన్.ఎం. జయసూర్య.

రెండో కారణం ఓటు వేసే పద్ధతిలో ఉంది. ఆనాడు తర్వాతి కాలంలోలా ఒకే కాగితం మీద ముద్ర వేయడం కాదు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, దాని మీద అతని గుర్తు. ఆ ఉక్కు పెట్టెలు తయారుచేసిన సంస్థల్లో మన హైదరాబాదు ఆల్విన్ కూడా ఒకటి. ఓటరు తెర వెనక్కి వెళ్ళి తనకు నచ్చిన పెట్టెలో కాగితం వేసి రావాలి. గడీ ముందు చెప్పులు చేతబట్టుకొని నడిచిన మనిషికి జీవితంలో మొదటిసారి దొర చూపు చేరని మూడు గజాల జాగా దొరికింది. బయట నిలబడ్డ జవాను తుపాకికి ఆ తెర వెనక ఏం జరుగుతున్నదో తెలియదు.

మూడోది, అన్నిటికంటె ముఖ్యమైనది ఊరి నిర్మాణం. సంఘం నిషేధంలో ఉన్నా సంఘం నేర్పిన మాట నిషేధంలో లేదు. ఎవరు వెట్టి మాన్పించారో, ఎవరు భూమి పంచారో, ఎవరు మళ్ళీ లాక్కున్నారో ప్రజలకు తెలుసు. ప్రచారానికి జీపులు లేకపోయినా పాట ఉంది, బుర్రకథ ఉంది, గొల్లసుద్దులున్నాయి.

ఫలితాలు ఈ విశ్లేషణకు సాక్ష్యం చెబుతాయి. 175 స్థానాల శాసనసభలో కాంగ్రెసుకు 93, పి.డి.ఎఫ్.కు 42. ఆ నలభై రెండింటిలో చాలాభాగం తెలంగాణ జిల్లాలవే. సైన్యం, పోలీసుల క్యాంపులు దట్టంగా ఉన్న నల్లగొండ, వరంగల్లు జిల్లాల్లోనే ఆ సంఘటన బలంగా గెలిచింది. లోక్‌సభకు ఏడుగురు వెళ్ళారు. వరంగల్లు నుంచి పెండ్యాల రాఘవరావు, ఖమ్మం నుంచి టి.బి. విఠల్‌రావు, కరీంనగరం నుంచి బద్దం ఎల్లారెడ్డి వారిలో ఉన్నారు. శాసనసభకు ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి గెలిచారు. మఖ్దూం మొహియుద్దీన్ అదే సంవత్సరం హుజూర్‌నగర్ నుంచి సభలోకి వచ్చారు. నల్లగొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు వచ్చాయి. అవి నెహ్రూకు వచ్చిన ఓట్ల కంటె ఎక్కువని మనం గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. కాని ఆ నియోజకవర్గం ద్విసభ్య నియోజకవర్గమనీ, ప్రతి ఓటరుకూ రెండు ఓట్లున్నాయనీ, నెహ్రూ పోటీచేసిన స్థానం కూడా అలాంటిదేననీ కలిపి చెప్పడం న్యాయం. అలా చెప్పినందువల్ల విజయం తగ్గదు. అదే నియోజకవర్గం నుంచి రెండో సభ్యుడిగా దళితుడైన సుంకం అచ్చాలు కూడా అదే సంఘటన తరఫున ఎన్నికయ్యాడన్న సంగతి వెలుగులోకి వస్తుంది. ఇది ఒక వీరుని విజయం మాత్రమే కాదు, జంట విజయం.

మరో విషయం విస్మరించరాదు. పక్కనే మద్రాసు రాష్ట్రంలోని ఆంధ్ర జిల్లాల్లోనూ ప్రత్యేక పోలీసు బలగాల హింస సాగింది. 1949లో కాటూరు, యలమర్రు గ్రామాల్లో మగవాళ్ళను వివస్త్రులను చేసి గాంధీ విగ్రహం చుట్టూ తిప్పిన అవమానం ఇంకా పచ్చిగా ఉంది. 1952లో అక్కడ 140 స్థానాల్లో కమ్యూనిస్టులకు 41, కాంగ్రెసుకు 40 వచ్చాయి. మూడేళ్ళు తిరిగేసరికి, 1955లో, ఆంధ్ర రాష్ట్ర ఎన్నికల్లో ఆ పార్టీ 196 స్థానాల్లో 15కు పడిపోయింది. ఈసారి ఊళ్ళమీద సైనిక క్యాంపులు లేవు. ప్రతిపక్షాల ఐక్యత, పత్రికల ప్రచారం, డబ్బు ఆ పని చేశాయి. తుపాకి వల్ల కానిది తుపాకి లేకుండా అయిందంటే, ఓటును లొంగదీసే సాధనాల్లో తుపాకి అంత సమర్థమైనది కాదని పాలకవర్గం కూడా నేర్చుకున్నదన్నమాట.

ఇప్పుడు ఇదే నగరానికి సంబంధించిన మరో సైనిక ప్రయాణాన్ని చూద్దాం. 1987 జులై 29న రాజీవ్ గాంధీ, జయవర్ధనే కొలంబోలో ఒప్పందం మీద సంతకాలు చేశారు. వెనువెంటనే శ్రీలంక ఉత్తరాన జాఫ్నాకు వెళ్ళిన భారత శాంతి పరిరక్షక దళంలో మొదటిది 54వ పదాతి డివిజను. దాని కేంద్రం సికింద్రాబాదు. 1806లో, నిజాం సికందర్ జా పేరున, కంపెనీ సహాయక సైన్యం విడిదిగా వెలసిన కంటోన్మెంటు పట్నం నుంచి, పొరుగుదేశానికి మరో మిత్రసైన్యం బయలుదేరింది. చరిత్ర ఇలాంటి వ్యంగ్యాలను ఎవరినీ అడగకుండానే రాస్తుంది.

తమిళుల రక్షణకు వెళ్ళిన సైన్యం అక్టోబరు నాటికి తమిళ పులులతో యుద్ధంలో కూరుకుపోయింది. ఆ యుద్ధం మధ్యనే ఒప్పందం ప్రకారం ఉత్తర, తూర్పు రాష్ట్రాలను కలిపి మండలి ఎన్నికలు జరపవలసి వచ్చింది. 1988 నవంబరు 19 పోలింగు తేదీ. పులులు బహిష్కరణకు పిలుపునిచ్చి, పోటీచేసేవారిని చంపుతామన్నారు. కాపలా భారత సైన్యానిది. ఉత్తర రాష్ట్రంలోని 36 స్థానాలకు పోలింగే జరగలేదు. భారత ప్రభుత్వ ఆదరణ ఉన్న ఇ.పి.ఆర్.ఎల్.ఎఫ్.కు 24, ఇ.ఎన్.డి.ఎల్.ఎఫ్.కు 12 ఏకగ్రీవంగా దక్కాయి. తూర్పున 35 స్థానాలకు నిజంగా పోటీ జరిగింది. అక్కడ ఇ.పి.ఆర్.ఎల్.ఎఫ్.కు 17, ముస్లిం కాంగ్రెసుకు 17, యు.ఎన్.పి.కి 1 వచ్చాయి. డిసెంబరులో వరదరాజ పెరుమాళ్ ముఖ్యమంత్రి అయ్యాడు.

మూడు నెలలు తిరగకముందే, 1989 ఫిబ్రవరి 15న, శ్రీలంక పార్లమెంటు ఎన్నికలు వచ్చాయి. ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో సైన్యం అదే, కాపలా అదే. ఈసారి పోటీలో మరో పక్షం కూడా ఉంది. పులులకు సన్నిహితమని పేరున్న ఈరోస్ మద్దతుతో నిలబడ్డ స్వతంత్రులు 13 స్థానాలు గెలుచుకున్నారు. ఎన్నుకోవడానికి ఎవరైనా ఉన్నప్పుడు ఓటరు కాపలాదారు మొహం చూసి ఓటు వేయలేదు. నల్లగొండ రైతు 1952లో చేసిన పనే జాఫ్నా రైతు 1989లో చేశాడు. 1990 మార్చి 24న చివరి భారత సైనికుడు తిరుగు ఓడ ఎక్కాడు. పెరుమాళ్ ప్రభుత్వం అంతకుముందే కుప్పకూలింది. ఆ మూడేళ్ళలో సుమారు 1,200 మంది భారత జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. చనిపోయిన తమిళ పౌరుల గురించి మన పత్రికలు రాసింది తక్కువ. ఆ జవాన్లు తమ ఇష్టంతో ఎంచుకున్న యుద్ధం కాదది. వాళ్ళను పంపినవాళ్ళు వేరు.

ఈ రెండు అనుభవాల మధ్య తేడా ఎక్కడుంది? తుపాకుల సంఖ్యలో లేదు. తెలంగాణలో ఎన్నికకు ముందు సాయుధ పక్షం పోరాటం విరమించి పోటీలోకి దిగింది. పాలకపక్షం మారుపేరుతోనైనా దానికి పోటీచేసే అవకాశం ఇవ్వక తప్పలేదు. ఉత్తర శ్రీలంకలో సాయుధ పక్షం బయటే ఉండి చంపుతానన్నది. కాపలాదారు తనకు నచ్చిన పక్షాన్ని చేరదీశాడు. మధ్యలో ఓటరుకు పెట్టె కూడా దక్కలేదు. దక్షిణ వియత్నాంలో 1967 సెప్టెంబరు 3న అమెరికా సైన్యం నీడలో జరిగిన ఎన్నిక కూడా ఈ కోవలోదే. కమ్యూనిస్టులను పోటీకే రానీయని ఆ ఎన్నికలో కూడా జనరల్ తియూకు నూటికి 35 ఓట్లే వచ్చాయి. శాంతి కావాలని పోటీచేసి రెండో స్థానంలో నిలిచిన అభ్యర్థి తర్వాత జైలు పాలయ్యాడు. ఆఫ్ఘనిస్తాన్‌లో 2004 నుంచి విదేశీ సైన్యాల అండతో ఒకటికి నాలుగుసార్లు అధ్యక్ష ఎన్నికలు జరిగాయి. 2021 ఆగస్టు 15న ఆ రాజ్యం ఒక్క పూటలో కూలిపోయింది. సైన్యం ఓటుపెట్టెను కాపాడగలదు. ఆ పెట్టెలోంచి వచ్చిన ప్రభుత్వానికి వేళ్ళు మాత్రం అది పుట్టించలేదు.

అలాగని కాపలా అక్కర్లేదని వాదించడం బాధ్యతారాహిత్యం. 1985లో కారంచేడు, 1991లో చుండూరు చూసిన నేల మనది. పెత్తందారు కులాల ఊళ్ళలో దళితుడు ఓటు వేయాలంటే బూతు దగ్గర పోలీసు ఉండటం అవసరమే. తర్వాతి దశాబ్దాల్లో తెలంగాణ పల్లెల్లో ఒకవైపు బహిష్కరణ పిలుపులు, మరోవైపు పారామిలిటరీ క్యాంపులు. ఓటు వేస్తే ఒకరికి కోపం, వేయకపోతే మరొకరికి అనుమానం. ఆ రెండు తుపాకుల మధ్య నడిచి బూతుకు వెళ్ళిన మనిషి ధైర్యాన్ని ఏ పక్షమూ తన ఖాతాలో రాసుకోకూడదు. కాపలా ఉండాలా వద్దా అన్న దగ్గర వాదన ఆగిపోకూడదు. కాపలా ఎవరి కోసం అన్నదే అసలు ప్రశ్న. ఓటరును కాపాడుతున్నదా, ఫలితాన్ని కాపాడుతున్నదా అని అడగాలి. మొదటిది ప్రజాస్వామ్యం. రెండోది 1798 నాటి ఒప్పందమే, వేషం మార్చుకున్నది.

ఈ చరిత్రకు మన సాహిత్యం ఎంతవరకు న్యాయం చేసింది? తెలంగాణ పోరాటం మీద మనకు గర్వించదగ్గ నవలలున్నాయి. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’, బొల్లిముంత శివరామకృష్ణ ‘మృత్యుంజయులు’, మహీధర రామమోహనరావు ‘మృత్యువు నీడల్లో’, దాశరథి రంగాచార్య ‘మోదుగుపూలు’, ‘జనపదం’ ఒక యుగాన్ని నిలబెట్టాయి. కాని గడీ మీద దాడికీ, అడవిలో దళానికీ దక్కిన స్థానం 1952 నాటి ఆ తెర వెనక మూడు గజాల జాగాకు దక్కలేదు. తుపాకి పట్టిన చేయి మన కథానాయకుడిది. క్యాంపు పోలీసు చూస్తుండగా ఓటు కాగితం పట్టుకొని వణికిన చేయి కథలోకి అరుదుగా వచ్చింది. అది కూడా వీరత్వమే. మొదటి వీరత్వానికి వారసత్వమే. శ్రీలంక నుంచి తిరిగివచ్చిన తెలుగు జవాను మనసు కూడా మన కథలో పెద్దగా చోటు చేసుకోలేదు.

నేటి ఎల్బీ నగర్‌లో నల్లగొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు వేలకు వేలు. ఎన్నికలు వస్తే చౌరస్తాలో ఊళ్ళకు పోయే బస్సులు కిక్కిరిసిపోతాయి. పోలింగుకు ముందు కేంద్ర బలగాలు వీధుల్లో కవాతు చేస్తాయి. ఆ కవాతును చూసి భయపడేవాళ్ళు ఈనాడు ఇక్కడ తక్కువ. అదే రాత్రి ఇంటింటికీ తిరిగే కవర్లను ఏ బలగమూ పూర్తిగా ఆపలేకపోతున్నది. తెర ఇప్పటికీ ఉంది. తెర బయట ఓటరును పట్టుకునే చేయి మాత్రం రూపం మార్చుకుంది.

1952లో తాత వేసిన ఓటును గురించి అడిగితే చెప్పగలిగిన అవ్వలు ఈ కాలనీల్లో ఇంకా కొద్దిమందైనా ఉంటారు. ఏ పెట్టెలో వేశారు, ఎవరు వద్దన్నారు, వద్దన్నవాడి మాట ఎందుకు వినలేదు అని వాళ్ళను కూర్చోబెట్టి రాసుకోవడం ఏ విశ్వవిద్యాలయ పరిశోధన పథకం కోసమూ ఆగవలసిన పని కాదు. ఒక నోటుపుస్తకం, ఒక ఆదివారం చాలు. తెలుగు చదువుకున్న విద్యార్థులు, కథలు రాసే మిత్రులు ఈ పని వెంటనే చేపట్టాలి. గెలుపోటముల పట్టిక ప్రభుత్వం దగ్గర భద్రంగానే ఉంది. ఆ పట్టికలోని ఒక్కొక్క అంకె వెనక ఉన్న మనిషి మాత్రం రోజురోజుకూ మనకు దూరమవుతున్నాడు.